150 గ్రాముల తోడు

న్యూజిలాండ్ కొండల్లో నడిచేందుకు వెళ్లేవాళ్లు బూట్లు, రెయిన్‌కోటు, నాలుగు రోజుల తిండి సర్దుకున్నాక చివర్లో ఓ చిన్న పసుపు పెట్టెను అద్దెకు తీసుకుంటారు. దాన్ని వాడే అవసరం రాకూడదనే అందరూ కోరుకుంటారు. కానీ అది లేకుండా అడుగు ముందుకు వేయడానికి మాత్రం చాలామంది ఇష్టపడరు!

తె ఆనౌ... న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, అదే పేరున్న సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. జనాభా మూడు వేలకు అటూఇటూ. మన లెక్కలో ఓ మాదిరి పల్లె. అయినా వేసవి వచ్చిందంటే చాలు, ప్రపంచంలోని భాషలన్నీ ఆ ఒక్క వీధిలోనే వినిపిస్తాయి. వేసవి అంటే మన వేసవి కాదు. భూమికి అటు వైపు కాబట్టి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు వాళ్లకు ఎండాకాలం. ఆక్లాండ్, వెల్లింగ్టన్‌లలో ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలు కూడా క్రిస్మస్ సెలవుల్లో ఇటు వస్తుంటాయి. పిల్లలున్నవాళ్లు పడవెక్కి మిల్ఫర్డ్ సౌండ్ జలపాతాలు చూసి వెనక్కి మళ్లుతారు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు మాత్రం వీపున సంచి తగిలించుకుని ఫియోర్డ్‌లాండ్ జాతీయ వనంలోకి నడుస్తారు.

12 లక్షల హెక్టార్లకు పైగా విస్తరించిన వనమది. అందులో రోడ్డు చేరని చోటే ఎక్కువ. హిమనదాలు కోసేసిన లోయల్లోకి సముద్రం చొచ్చుకొచ్చి, నీళ్లలోంచి నిట్టనిలువుగా కొండలు లేచి ఉంటాయి. ఆ రాతిగోడల మీద మట్టి నామమాత్రం. అయినా చెట్లు ఒకదాని వేరును ఒకటి పట్టుకుని వేలాడుతుంటాయి. గట్టి వాన పడితే ఒక చెట్టు జారి, పక్కదాన్ని లాగి, అది ఇంకోదాన్ని లాగి... కొండవాలు మొత్తం ఒక్కసారిగా గీసినట్టు బోడి అయిపోతుంది. అక్కడివాళ్లు దాన్ని 'చెట్ల అవలాంచ్' అంటారు.

వాన సంగతి కూడా చెప్పుకోవాలి. మిల్ఫర్డ్ సౌండ్‌లో ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వర్షం పడుతుంది. మిల్లీమీటర్లు కాదు, మీటర్లే! హైదరాబాద్‌లో ఏడెనిమిదేళ్లు కురిసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురిసేస్తుందన్నమాట. 2020 ఫిబ్రవరి మొదటి వారంలోనైతే రెండు మూడు రోజుల్లోనే మీటరు వాన దంచికొట్టింది. మిల్ఫర్డ్ రోడ్డు కొట్టుకుపోయింది. రూట్‌బర్న్ కాలిబాట మీదున్న హౌడెన్ బస మీద కొండచరియ విరిగిపడింది. వందలమంది ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. హెలికాప్టర్లతో బయటకు తీసుకురావాల్సి వచ్చింది. అది జరిగింది నడి వేసవిలో!

సెల్‌ఫోను మూగబోయే చోటు

మిల్ఫర్డ్ ట్రాక్ పొడవు 53.5 కిలోమీటర్లు. నాలుగు రోజుల నడక. 1908లో ఒక లండన్ పత్రికలో వచ్చిన వ్యాసం దీన్ని ప్రపంచంలోకెల్లా అద్భుతమైన నడక అని మెచ్చుకున్నప్పటి నుంచీ ఆ బిరుదు దానికి అతుక్కుపోయింది. సీజన్‌లో సొంతంగా నడిచేవాళ్లను రోజుకు 40 మందినే పంపుతారు. పక్కనే ఉన్న రూట్‌బర్న్ ట్రాక్ 33 కిలోమీటర్లలోపే. రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. దారి పొడవునా బీచ్ చెట్ల అడవి (సముద్రపు బీచ్ కాదు, అది చెట్టు జాతి పేరు), నాచు పట్టిన రాళ్లు, గాజులాంటి నీళ్లు. సరిగ్గా చెక్కిన మెట్లు, వంతెనలు, రాత్రి పడుకోవడానికి బంకులున్న బసలు. వేసవిలో వాటి దగ్గర రేంజరు కూడా ఉంటాడు.

ఇంత ఏర్పాటున్న దారిలో భయమేముంది అనిపిస్తుంది. అనిపించడమే అసలు చిక్కు. తె ఆనౌ దాటి కొంచెం ముందుకెళ్లాక సెల్‌ఫోనులో గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. కాలిబాట మొదలయ్యేసరికి అది ఫొటోలు తీసే పెట్టె మాత్రమే. తడిసిన మెట్టు మీద కాలు జారి మడమ విరిగినా, లోయ అంచు దాకా వెళ్లి 'హలో' అన్నా పలికేది ఎదుటి కొండే.

చలికాలం సంగతి వేరే. ఏప్రిల్ చివరితో సీజన్ ముగుస్తుంది. బసల్లో గ్యాస్ కట్టేస్తారు, రేంజర్లు కిందికి దిగిపోతారు. మంచు చరియలు వచ్చి విరగ్గొట్టకుండా కొన్ని వంతెనలను ముందే విప్పి దాచేస్తారు. వేసవిలో నడిచి 'అబ్బ, ఎంత సులువో' అన్న దారే అది. జూలైలో దాని మొహమే మారిపోతుంది.

ఆ మారిన మొహాన్ని 2016 జూలైలో చెక్ దేశం నుంచి వచ్చిన ఒక జంట చూసింది. ఇద్దరూ రూట్‌బర్న్ దారి పట్టారు. మంచు ముంచుకొచ్చింది, దారి తప్పారు. ఏటవాలులో జారిపడి అతను చనిపోయాడు. ఆమె ఒక్కతీ ఆ చలిలో ఆరుబయట రాత్రుళ్లు గడిపి, నడుములోతు మంచు తవ్వుకుంటూ మెకంజీ సరస్సు దగ్గరున్న బసకు చేరింది. కిటికీ పగలగొట్టి రేంజరు గదిలోకి దూరింది. అక్కడ కట్టెలున్నాయి, కాస్త తిండి ఉంది. బయటపడదామని ప్రయత్నిస్తే మంచు, ఒంటి దెబ్బలు అడుగు వేయనివ్వలేదు. పైనుంచి ఎవరైనా చూస్తారేమోనని పొయ్యిలోని బూడిద తెచ్చి తెల్లటి మంచు మీద 'హెచ్' అక్షరం గీసింది. అలా ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు... దాదాపు నెల!

నెల రోజులూ ఆమె కోసం ఎవరూ వెతకలేదు. ఎందుకంటే వెతకాలని ఎవరికీ తెలియదు. ఆగస్టు చివర్లో, చాలాకాలంగా కబురు లేదని అయినవాళ్లు కంగారుపడితే, అప్పుడు చెక్ కాన్సుల్ ద్వారా పోలీసులకు విషయం చేరింది. కారు దారి మొదట్లోనే ఆగి ఉంది. హెలికాప్టర్ వెళ్లింది. ఆమె దొరికింది. ఆ తర్వాత పోలీసులు చెప్పిన మాటలు రెండే. ఒకటి, వాళ్లు ఎక్కడికి వెళుతున్నారో ఎవరికీ చెప్పలేదు. రెండు, వాళ్ల దగ్గర బీకన్ లేదు.

ఇంతకీ ఏముంది అందులో?

బీకన్ అంటే అరచేతిలో ఇమిడే పెట్టె. పూర్తి పేరు పర్సనల్ లొకేటర్ బీకన్. బరువు 110 నుంచి 150 గ్రాముల దాకా, అంటే రెండు పెద్ద అరటిపండ్ల కన్నా తక్కువ. మడిచిన యాంటెన్నా విప్పి, మూత కింది మీట నొక్కిపట్టుకుంటే చాలు. అది 406 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో దాదాపు 50 సెకన్లకోసారి ఒక చిన్న సంకేతాన్ని ఆకాశంలోకి విసురుతుంది. అర సెకను పాటు ఉండే ఆ సంకేతంలో రెండే ముక్కలుంటాయి. 'నేను ఫలానా బీకన్‌ని, ఇదిగో ఇక్కడున్నాను'. పెట్టె లోపలి జీపీఎస్ ఆ 'ఇక్కడ'ను నూరు మీటర్లకు అటూఇటూగా పట్టిస్తుంది. హెలికాప్టర్ దగ్గరికొచ్చాక దారి చూపడానికి 121.5 మెగాహెర్ట్జ్ మీద మరో సన్నని సంకేతం నడుస్తూనే ఉంటుంది. ఒకసారి మొదలెడితే బ్యాటరీ కనీసం 24 గంటలు పని చేయాలన్నది నిబంధన.

దీని పుట్టుక కూడా చిత్రమైందే. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదాని మీద మరొకటి క్షిపణులు గురిపెట్టుకున్న రోజులవి. అయినా కెనడా, ఫ్రాన్సులతో కలిసి 1979లో ఆ రెండు దేశాలూ ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. ఆపదలో ఉన్నవాడి కేకను ఎవరి ఉపగ్రహం విన్నా అందరికీ చెప్పాలి. ఆ వ్యవస్థ పేరు కాస్పాస్-సర్సాట్. మొదటి ఉపగ్రహాన్ని 1982 జూన్ 30న సోవియట్లు పంపారు. సెప్టెంబరులోనే కెనడా కొండల్లో కూలిన చిన్న విమానం జాడను అది పట్టేసింది. ముగ్గురు బతికారు. ప్రచ్ఛన్న యుద్ధం నడిమధ్యలో సోవియట్ ఉపగ్రహం కెనడాలో ప్రాణాలు కాపాడింది! అప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రపంచమంతా కలిపి 60 వేలకు పైగా ప్రాణాలు నిలబెట్టిన లెక్క ఉంది.

న్యూజిలాండ్‌లో ఆ సంకేతాలు వినే చెవి వెల్లింగ్టన్ పక్కన ఉంది. రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్ అంటారు. రాత్రింబవళ్లూ పనిచేస్తుంది. దక్షిణ ధ్రువం నుంచి దాదాపు భూమధ్యరేఖ దాకా సుమారు మూడు కోట్ల చదరపు కిలోమీటర్ల మేర వాళ్ల బాధ్యతే. కొండల్లో మీట నొక్కితే అక్కడ తెర మీద ఒక చుక్క వెలుగుతుంది. ఆ వెంటనే హెలికాప్టర్ లేస్తుందనుకుంటే పొరపాటు. ముందు వాళ్లు ఫోను తీస్తారు. ఎవరికో తర్వాత చూద్దాం.

ఏది కొనాలి?

దుకాణంలోకి వెళితే మూడు రకాల మాటలు వినిపిస్తాయి. మొదటిది పైన చెప్పిన బీకన్. కొంటే ఒకసారి పెట్టే ఖర్చే, ఆ తర్వాత నెలవారీ చందా ఉండదు. ఐదు నుంచి ఏడేళ్ల దాకా బ్యాటరీ వస్తుంది, చార్జింగ్ గొడవ లేదు. లోపమల్లా అది మూగది కావడమే. 'రండి' అని మాత్రమే అంటుంది. ఎందుకు రావాలో చెప్పలేదు. అవతలివాళ్లు విన్నారో లేదో కూడా చాలా బీకన్లలో తెలియదు. 2020 నుంచి ఐరోపా వారి గెలీలియో ఉపగ్రహాలు తిరుగు సంకేతం ఇస్తున్నాయి కాబట్టి, ఆ సదుపాయమున్న కొత్త రకాల్లో 'కేక అందింది' అంటూ ఓ చిన్న దీపం వెలుగుతుంది. కాలు విరిగి వానలో కూర్చున్నవాడికి ఆ దీపం విలువెంతో వేరే చెప్పాలా!

రెండోది ఉపగ్రహ మెసెంజర్. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి. ఇరిడియం ఉపగ్రహాల మీదుగా ఎస్సెమ్మెస్సులు అటూఇటూ నడుస్తాయి. 'మోకాలు బెణికింది, ప్రాణాపాయం లేదు, రేపటికి చేరతాం' అని చెప్పొచ్చు. 'నది పొంగింది, ఒక రోజు ఆలస్యం' అని ఇంటికి కబురు పెట్టొచ్చు. నిజానికి చాలా ఆపదలు ఇలాంటి అరకొర ఆపదలే. కాకపోతే చందా కట్టాలి, చార్జింగ్ పెట్టాలి. చందా గడువు తీరిపోయిన సంగతి కొండ మీద గుర్తొస్తే దాని బరువు 100 గ్రాముల రాయి బరువే.

మూడోది జేబులోని ఫోనే. 2022 నవంబరులో అమెరికా, కెనడాల్లో మొదలైన ఐఫోన్ ఉపగ్రహ ఎస్ఓఎస్ 2023లో న్యూజిలాండ్‌కూ వచ్చింది. ఉన్నవాళ్లకు మంచిదే. కానీ పొద్దంతా ఫొటోలు, వీడియోలు తీసి సాయంత్రానికి చచ్చుబడే బ్యాటరీ మీద, రాయి తగిలితే పగిలే అద్దం మీద ప్రాణం పెట్టుకోవడం తెలివైన పని కాదు. ఫోనును అదనపు తోడు అనుకోవాలే తప్ప అసలు తోడు అనుకోకూడదు.

నాలుగు రోజులు నడిచి వెళ్లిపోయే ప్రయాణికుడికైతే కొనాల్సిన పనే లేదు. అక్కడి పర్యాటక కేంద్రాల్లో, ట్రెక్కింగ్ సామాను దుకాణాల్లో బీకన్లు అద్దెకిస్తారు. ఒక రాత్రి హోటలు అద్దెతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోది కాదు. తీసుకునేటప్పుడు బ్యాటరీ గడువు తేదీ పెట్టె మీద చూసుకోవడం, మీట ఎలా నొక్కాలో అక్కడే అడిగి తెలుసుకోవడం మరవకూడదు. జట్టులో ఒక్కరికి తెలిస్తే చాలదు. ఆ ఒక్కరే లోయలో పడితే?

సంచిలో కాదు... ఒంటి మీద!

కొత్తవాళ్లు బీకన్‌ను భద్రంగా సంచి అడుగున, బట్టల మధ్య దాస్తారు. నగల పెట్టెలా! అక్కడి పాత కాపులు అది చూసి నవ్వుతారు. న్యూజిలాండ్ కొండల్లో ప్రాణాలు తీసేవాటిలో వాగులు ముఖ్యమైనవి. పొద్దున మోకాలి లోతున్న వాగు మధ్యాహ్నం వాన తర్వాత నడుము దాటుతుంది. ప్రవాహం లాగేసినప్పుడు ముందు చేజారేది వీపు మీది సంచే. సంచి ఒక దారిన, మనిషి ఒక దారిన పోతే, సంచిలోని బీకన్ చేపలకు తప్ప ఎవరికీ పనికిరాదు. అందుకే జేబులోనో, నడుము పట్టీకో, మెడలో తాడుకో కట్టుకుంటారు. అన్ని రకాలూ నీళ్లలో తేలవు. కొన్నిటికి తేలడానికి విడిగా తొడుగు ఇస్తారు. అడిగి తీసుకోవాలి.

ఇంకో దొంగ కూడా ఉంది అక్కడ. కియా అనే కొండచిలుక. ఆకుపచ్చ రెక్కలు, రెక్కల కింద నారింజ రంగు, మహా తెలివి. బస బయట విడిచిన బూట్లు, వేలాడదీసిన సంచులు, కార్ల రబ్బరు పట్టీలు... దేన్నీ వదలదు. జిప్పు లాగి చూసే సత్తా ఉంది దానికి. మెరిసే పసుపు పెట్టెను బయట మరిచిపోతే మిగతా కథ ఆ చిలకే నడిపిస్తుంది.

మీట నొక్కే చోటు కూడా ముఖ్యమే. పైన ఆకాశం ఎంత కనిపిస్తే అంత మంచిది. దట్టమైన కొమ్మల కింద, రాతిగోడకు ఆనుకుని పెడితే సంకేతం నలిగిపోతుంది. యాంటెన్నా నిటారుగా నిలబెట్టి, నొక్కాక అక్కడే ఉండిపోవాలి. సాయం రావడం లేదని పెట్టెను ఆపేసి మళ్లీ నొక్కడం, నాలుగడుగులు అటు జరగడం చేస్తే వచ్చేవాళ్లకే కష్టం. ఇక మబ్బు కమ్మేసినా, చీకటి పడినా హెలికాప్టర్ రాలేకపోవచ్చు. గంటలు పట్టొచ్చు, రాత్రి గడవొచ్చు. వెచ్చటి దుస్తులు, ఒక పూట అదనపు తిండి, గాలి ఆపే పట్టా లేకుండా బీకన్ ఒక్కదాన్నే నమ్ముకున్నవాడిని రక్షకులు వచ్చేసరికి చలే తీసుకుపోతుంది.

ఎప్పుడు నొక్కాలి?

దీని గురించి అక్కడ ప్రతి బసలోనూ సాయంత్రం టీ తాగుతూ వాదించుకుంటారు. అలసిపోయామని, బూటు చిరిగిందని, పడవ తప్పిపోయిందని నొక్కకూడదు. అలా నొక్కితే ఇంకెక్కడో నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాడికి వెళ్లాల్సిన హెలికాప్టర్ ఇటు వస్తుంది. అందులో వచ్చేవాళ్లూ మనుషులే. గాలివానలో ఎగరడమంటే వాళ్ల ప్రాణమూ పణమే. ఇదంతా నిజమే.

కానీ దీనికి రెండో వైపు ఉంది. మొహమాటం! మధ్యాహ్నం రెండింటికి కాలు విరుగుతుంది. 'అంతమందిని ఇబ్బంది పెట్టడం ఎందుకు, కాసేపు చూద్దాం, పాకుతూ పోదాం' అనుకుంటూ ఆరు దాకా గడిపేస్తారు. ఎండ ఉన్నప్పుడు అరగంటలో అయిపోయే పని, చీకట్లో వానలో తెల్లవారేదాకా సాగుతుంది. ఖర్చు భయం కూడా ఉంటుంది కొందరికి. కాపాడినందుకు బిల్లు చేతిలో పెడతారేమోనని. న్యూజిలాండ్‌లో మామూలుగా రక్షించినందుకు డబ్బు వసూలు చేయరు. ప్రమాదంలో గాయపడితే విదేశీయులకైనా అక్కడి ప్రభుత్వ బీమా సంస్థ చికిత్స ఖర్చు చూస్తుంది. దెబ్బ తగిలి నడవలేకపోతే, ఒళ్లు వణుకుడు ఆగి మాట తడబడుతుంటే, రాత్రి గడవదని అనుమానం వస్తే మొహమాటపడాల్సిన పనిలేదు. నొక్కేయడమే.

నొక్కడానికి అసలు మీటే లేనివాళ్ల మాటేమిటి? 2020 మేలో దక్షిణ దీవి ఉత్తర కొసనున్న కహురంగీ వనంలో ఇద్దరు కుర్ర స్నేహితులు పొగమంచులో దారి తప్పారు. బీకన్ లేదు. కొద్ది రోజులకు సరిపడా తిండే ఉంది. ఒకరికి మడమ బెణికింది, ఇంకొకరికి వీపు దెబ్బతింది. నీళ్లు దొరికిన చోటే కూర్చుండిపోయి 18 రోజులకు పైగా నెట్టుకొచ్చారు. చివరికి వాళ్లు పెట్టిన మంట పొగను హెలికాప్టర్ చూసింది. ప్రాణాలతో దొరికారు, కానీ ఆ రోజుల తరబడి ఎంతమంది వాలంటీర్లు ఆ అడవిని జల్లెడ పట్టారో! మీట ఉంటే అది ఒక పూట పని.

గుంటూరులో ఫోను మోగితే...

ఇప్పుడు ఆ ఫోను సంగతి. ప్రతి బీకన్‌కూ పదిహేను అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య ఉంటుంది. కొన్నవాళ్లు దాన్ని రిజిస్టరు చేయించాలి. న్యూజిలాండ్‌లో దానికి రుసుము లేదు. పేరు, చిరునామాతో పాటు ఆపదలో ఎవరికి ఫోను చేయాలో నంబర్లు ఇవ్వాలి. తెర మీద చుక్క వెలగగానే రక్షణ కేంద్రం వాళ్లు ముందు చేసేది ఆ నంబర్లకే. 'వీళ్లు నిజంగా కొండకెళ్లారా? ఎంతమంది? ఎటువైపు? గుండె జబ్బు, ఉబ్బసం లాంటివేమైనా ఉన్నాయా?' మూగ పెట్టె చెప్పలేనివన్నీ చెప్పాల్సింది ఆ ఫోనెత్తిన మనిషి. ఆ జవాబును బట్టే హెలికాప్టర్‌లో డాక్టరు ఎక్కాలా, తాళ్లు ఎక్కించాలా అన్నది తేలుతుంది.

మన కుర్రాళ్లు చాలామంది అక్కడ తల్లిదండ్రుల నంబరు రాసేస్తారు. ప్రేమ కొద్దీ. వేసవిలో న్యూజిలాండ్‌కూ మనకూ ఏడున్నర గంటల తేడా. అక్కడ ఉదయం ఏడింటికి మీట నొక్కితే గుంటూరులో ముందురోజు రాత్రి పదకొండున్నర. నిద్రలో ఉన్న తల్లికి తెలియని నంబరు నుంచి, తెలియని యాసలో ఇంగ్లిషు వినిపిస్తుంది. ఆవిడ మోసగాళ్ల ఫోనేమోనని పెట్టేస్తుంది. పెట్టేయకపోయినా అబ్బాయి ఆఫీసులో ఉన్నాడనే అనుకుంటుంది. భయపడుతుందని కొండ సంగతే చెప్పి ఉండడు మరి! అందుకే ఆ నంబరు దగ్గరి ఊళ్లో ఉన్న స్నేహితుడిదో, గదిలో ఉండేవాడిదో అయితే పని జరుగుతుంది. దారి, రోజులు, తిరిగొచ్చే వేళ, 'ఫలానా టైముకి రాకపోతే పోలీసులకు చెప్పు' అన్న మాట... ఇవన్నీ అతని దగ్గర కాగితం మీద ఉండాలి. అద్దె బీకన్ అయితే ఇచ్చే దుకాణం వాళ్లే ఈ ప్రశ్నలు అడుగుతారు. విసుక్కోకుండా చెప్పాలి.

తెలుగు ఇళ్లలో బయటకు కదిలేవాడు 'వెళతాను' అనడు. అంటే పెద్దవాళ్లు ఊరుకోరు. 'వెళ్లొస్తాను' అనాలి. ఎక్కడికి, ఎప్పటికొస్తావు అన్న ప్రశ్నలకు జవాబిచ్చాకే గడప దాటాలి. న్యూజిలాండ్‌లో ప్రతి బసలోనూ ఓ పుస్తకం ఉంటుంది. వచ్చినవాళ్లు పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, రేపు ఎటు వెళుతున్నారు అని రాసి కదలాలి. ఆ రాత్రి అక్కడ పడుకోకపోయినా సరే. వెతికేవాళ్లు మొదట తిరగేసేది ఆ పేజీలనే. మన గడప దగ్గరి ప్రశ్నలే అవి. కాకపోతే అక్కడ పెన్నుతో జవాబివ్వాలి.

తెచ్చుకుంటే తంటా

విదేశంలో కొన్న బీకన్‌నో, మెసెంజర్‌నో పట్టుకొచ్చి ఉత్తరాఖండ్ నడకలకో, లద్దాఖ్‌కో వాడుకుందామని ఎవరికైనా అనిపించవచ్చు. తొందరపడకూడదు. మన దేశంలో ఉపగ్రహ ఫోన్లు, ఇన్‌రీచ్ లాంటి మెసెంజర్లు టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక విదేశీ మహిళ సంచిలో ఇన్‌రీచ్ కనిపించేసరికి కేసు పెట్టారు. ఆమె దాన్ని దాచలేదు, మామూలు సామానులాగే తనిఖీ ట్రేలో పెట్టింది. అయినా పోలీస్ స్టేషన్, కోర్టు తప్పలేదు. ముంబై దాడుల తర్వాత బిగిసిన నిబంధనలివి. వాటి వెనక కారణం ఉంది. కానీ హిమాలయాల్లో సిగ్నల్ లేని లోయలకు ఏటా వేలమంది నడుస్తున్న దేశంలో మామూలు మనిషి సులువుగా అద్దెకు తీసుకోగల బీకన్ లేకపోవడం వెలితే. మామూలు బీకన్ అయినా తెచ్చేముందు అనుమతి సంగతి కనుక్కోవాలి. పైగా బీకన్ లోపల అది ఏ దేశానిదో సంకేతం ఉంటుంది. న్యూజిలాండ్ సంకేతమున్న పెట్టెను ఇంకో దేశంలో నొక్కితే, యజమాని వివరాల కోసం మళ్లీ వెల్లింగ్టన్‌నే అడగాలి.

అలాగని ఈ వ్యవస్థ మనకు కొత్తేమీ కాదు. కాస్పాస్-సర్సాట్‌లో భారత్ ఎప్పటినుంచో భాగస్వామి. సంకేతాలు వినే కేంద్రాలు బెంగళూరు, లక్నోల్లో ఉన్నాయి. బెంగళూరులో ఇస్రో నడిపే కేంద్రం విన్న కేకను తీర రక్షక దళానికో, విమానయాన సంస్థలకో చేరవేస్తుంది. కొండల్లో నడిచేవాళ్ల కన్నా ముందు ఇలాంటి పెట్టెను చేతపట్టింది మన చేపలవేటగాళ్లే. ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ 2010 నుంచి పడవల్లో పనిచేస్తోంది. తుపానులో చిక్కుకున్నా, ఇంజిను ఆగినా, నిప్పంటుకున్నా మీట నొక్కితే తీర రక్షక దళానికి కబురు వెళుతుంది. అదీ మొదట్లో మూగదే. వెళ్లిందో లేదో తెలియక సముద్రంలో బితుకుబితుకుమంటూ కూర్చోవాల్సి వచ్చేది. 2024లో ఇస్రో ప్రకటించిన రెండో తరం పరికరం 'కేక అందింది' అని జవాబిస్తుంది. తుపాను వస్తోందని, ఒడ్డుకు రమ్మని పడవలకు కబురూ పంపుతుంది.

మళ్లీ ఫియోర్డ్‌లాండ్‌కి. వెళ్లాలనుకునేవాళ్లు అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ చివరి దాకా ఉండే సీజన్‌లోనే వెళ్లడం మేలు. మిల్ఫర్డ్ ట్రాక్ బుకింగ్ తెరిచిన రోజే చాలావరకు నిండిపోతుంది, కాబట్టి నెలల ముందు నుంచే కన్నేసి ఉంచాలి. క్వీన్స్‌టౌన్ దాకా విమానం, అక్కడి నుంచి తె ఆనౌకి బస్సు. నాలుగో రోజు దారి చివర 'శాండ్‌ఫ్లై పాయింట్' అనే రేవు వస్తుంది. పేరుకు తగ్గట్టే అక్కడ కుట్టే ఈగల దండు ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంత అందమైన చోట మనుషులు తిష్ట వేయకుండా ఓ దేవత వాటిని వదిలిందని మావోరీల కథ.

అక్కడ పడవెక్కి మిల్ఫర్డ్ చేరాక, ఫోనులో గీతలు కనిపించగానే అందరూ ఫొటోలు పంపించే పనిలో పడతారు. దానికన్నా ముందు కాగితం దగ్గరున్న స్నేహితుడికి 'వచ్చేశాం' అని ఒక్క మాట పంపాలి. ఆ మాట అందకపోతే అనుకున్న టైముకి అతను పోలీసులకు ఫోను చేస్తాడు. వీళ్లు తె ఆనౌలో వేడివేడి భోజనం చేస్తుంటే, వెతికేవాళ్లు కొండెక్కుతుంటారు.